శంషాబాద్ నీడలు

హైదరాబాద్‌లో ఆధునిక ఖగోళశాస్త్రం కొలతతో మొదలైంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల దుర్భిణి తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం 1908లో దాన్ని చేపట్టి బేగంపేటకు మార్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని నక్షత్ర పటం గీస్తున్న రోజులవి. చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణ పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, మన వంతుకొచ్చింది. ఫొటో పలకల మీది చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచి రాయడమే ఏళ్ల తరబడి అక్కడి పని. శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, జపాల్-రంగాపూర్‌లో, 1968లో 48 అంగుళాల దుర్భిణి వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న అక్కడ శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని కొలుస్తుంటే, జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు. కొలిచే విద్య వేధశాల గేటు దాటి బడిలోకి రాలేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

బడిలో కొలతలెందుకు, పాఠం బాగా చెబితే చాలదా అనవచ్చు. చాలదు. ఋతువులెందుకు మారతాయని హార్వర్డ్ పట్టభద్రుల్ని అడిగి 1987లో ఒక చిత్రం తీశారు. సూర్యుడు దగ్గరవడం వల్లనే వేసవి అని చాలామంది చెప్పారు. వాళ్లకు పాఠాలు తక్కువై కాదు, ముందు తమ ఊహ చెప్పి తర్వాత దాన్ని పరీక్షించుకునే పని పడక.

పరికరాలెక్కడివి, విమానాశ్రయం దీపాల వెలుగులో చుక్కలెక్కడ కనిపిస్తాయి అన్నది రెండో అభ్యంతరం. పగటి సూర్యుడికి ఆ బాధ లేదు. పరికరమంటారా, మన పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లోని శంకువు నిట్టనిలువుగా పాతిన కర్రే. శంషాబాద్ అక్షాంశం సుమారు 17.2 డిగ్రీలు. మీటరు కర్రకు డిసెంబరు 21 మధ్యాహ్నం 86 సెంటీమీటర్ల నీడ ఉత్తరానికి పడుతుంది. జూన్ 21న 11 సెంటీమీటర్లే, అదీ దక్షిణానికి! ఎటు పడుతుందో పిల్లల చేత ముందే పందెం కట్టించి, వాదించుకోనిచ్చి, ఆపైన కొలిపించాలి. ఉదయం, సాయంత్రం సమానమైన నీడల కొసలు కలిపితే తూర్పు-పడమర గీత వస్తుంది. దాన్ని సరిచూసుకోవడానికి 2008లో తెరిచిన విమానాశ్రయం రన్‌వే ఉంది. దాని కొసల మీది 09, 27 అంకెలు సుమారు 90, 270 డిగ్రీల దిక్కులకు గుర్తులు. ఇక సిలబస్‌కు టైమెక్కడిదన్న మాట నిజమే, కానీ దీనికి పట్టేది రోజుకు పది నిమిషాలు.

నీడే పడని మధ్యాహ్నం ఇక్కడ మే 9 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు బళ్లకు సెలవులు. రెండోది ఆగస్టు మొదటి వారంలో, బడి ఉన్న రోజుల్లోనే. మబ్బు పట్టకపోతే ఆ మధ్యాహ్నం పన్నెండుంపావు దాటాక పిల్లల్ని తరగతి గదిలో కూర్చోబెట్టకండి.