మణికొండ: పేరు చివరన మిగిలిన జాగీరు

హుస్సేన్ సాగర్ కట్ట మీద షికారు చేసే మన పాతబస్తీ వాళ్లలో ఆ హుస్సేన్ ఎవరో ఎంతమందికి ఎరుక? ఆయన మజార్ షేక్‌పేట దాటాక, గచ్చిబౌలి పోయే పాత బొంబాయి రోడ్డు మీద ఉంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ. ఇబ్రహీం కులీ కుతుబ్ షా జమానాలో, 1562 ప్రాంతంలో, సాగర్ కట్టే పని ఆయన నిగ్రానీలో సాగింది. బాద్‌షా తన పేరు పెట్టుకోవాలనుకున్నా అవామ్ నోట హుస్సేన్ పేరే నిలిచిందని, అందుకే ఇబ్రహీంపట్నంలో ఇంకో చెరువు తవ్వించుకున్నాడని ఒక కిస్సా చెబుతారు.

ఈ దర్గా ఖిద్మత్‌తో ముడిపడ్డ ఊరు మణికొండ. రెవెన్యూ కాగితాల్లో ఇక్కడ రెండు పేర్లుంటాయి: మణికొండ జాగీర్, మణికొండ ఖాల్సా. ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు పోయేది. జాగీరు శిస్తు జాగీర్దారుకో, దర్గాకో పోయేది. దున్నే రైతుకు తేడా ఏముంది, కట్టేది ఎలాగూ కట్టాలి! కానీ దశాబ్దాల తర్వాత 1654 ఎకరాల 32 గుంటల కిస్మత్ ఆ ఒక్క లఫ్జ్ మీదే తేలింది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడాది, 1949 ఆగస్టులో, జాగీర్లు రద్దయ్యాయి. ఊళ్లు సర్కారు చేతికి పోయాయి. మణికొండది షరతు మీద ఇచ్చిన మష్రూతుల్ ఖిద్మత్, వక్ఫ్ చట్టంలో ఆ మాట ఉంది, కాబట్టి ఇది వక్ఫేనని బోర్డు వాదన. సరే. మరి 1989 గెజిట్‌లో దర్గా కింద 5506 చదరపు గజాలే ఎందుకు చూపించారు? పదిహేడేళ్లు నిద్రపోయి, 2006 మార్చి 13న ‘తప్పొప్పుల సవరణ’ అంటూ ఒకేసారి 1654 ఎకరాలు ఎక్కించారు. అప్పటికే సర్కారు పరిశ్రమల సంస్థ చేతుల మీదుగా ల్యాంకో హిల్స్, ఎమ్మార్ వంటి వాటికి జమీన్లు పంచేసింది. ఇద్దరిలో ఎవరినీ మాసూమ్ అనలేం.

2012లో హైకోర్టు బోర్డు పక్షాన నిలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది జాగీరే, రద్దయ్యాక మిల్కియత్ సర్కారుదే, సవరణ పేరుతో ఇంత భూమి కలపడం కుదరదు అంది. చట్టం లెక్కన ఆ ఫైసలాను కాదనడం కష్టం. నా బాధ వేరే. బోర్డు ఫైలులో ఇది దర్గా ఆస్తి, సర్కారు ఫైలులో సర్వే నంబర్లు. ఈ రాళ్ల నేలను దున్ని శిస్తు కట్టిన వాళ్ల తారీఖ్ మాత్రం ఎవరి ఫైలులోనూ లేదు. కేసులో పేరు వినబడ్డ సంస్థల్లో ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఒకటి. కనీసం వాళ్లయినా ఈ ఊరి పాత పహాణీలు, ఫర్మానాలు సేకరించి తెలుగులో, ఉర్దూలో అచ్చువేస్తే బాగుండు. అవి చదవగలిగే బుజుర్గులు ఏటేటా తగ్గిపోతున్నారు.