నోరులేని రోగికి వైద్యుని నెన్నుట



మనుష్యునకు జబ్బు చేసినచో తనకు నచ్చిన వైద్యుని యొద్దకు తానే పోవును. నచ్చనిచో విడిచి మరియొకని వెదకికొనును. పశువున కట్టి స్వాతంత్ర్యము లేదు. ఎద్దు మేత మానినప్పుడు, ఆవు ఈనలేక అవస్థపడినప్పుడు, దాని నెవరికి చూపవలెనో నిర్ణయించువాడు యజమానుడే. ఆ నిర్ణయము తప్పినచో పశువు ప్రాణము పోవును. ఒక్కొక్కప్పుడు ఊరి మందయంతయు పోవును. ఈ యెన్నిక మన పూర్వుల కెట్లుండెను, మనకెట్లున్నది, గడచిన చరిత్ర ఈ విషయమున మనకేమి బోధించుచున్నది అను సంగతులను నేడు ముచ్చటించుకొందము.

పశువైద్యము మన దేశమునకు క్రొత్తది కాదు. కర్నూలు జిల్లాలో, గుత్తికి సమీపమున, ఎఱ్ఱగుడి యను గ్రామమున్నది. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములు అచ్చటి బండలపై ఇప్పటికిని నిలిచియున్నవి. వానిలో రెండవ శిలాశాసనము చికిత్సలను గూర్చినది. మనుష్యుల కొకటియు, పశువుల కొకటియుగా రెండు విధములగు చికిత్సలను తన రాజ్యమందును, పొరుగున నున్న చోళ పాండ్యాది దేశములందును ఏర్పాటు చేసినట్లును, ఓషధులు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించినట్లును అందు చెప్పబడినది. మనిషి చికిత్సతో సమానముగా పశువు చికిత్సను పేర్కొన్న ఆ బండ మన సీమలోనే యున్నదని మనము గర్వింపవచ్చును.

తరువాతి కాలమున గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుని పేరును, ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుని పేరును ప్రసిద్ధికెక్కెను. ఇవి రాజుల శాలలకు పనికివచ్చిన శాస్త్రములు. రైతు ఎద్దునకు మాత్రము ఊరిలోని పసరువైద్యుడే దిక్కు. అతనిని మనము తేలికగా చూడరాదు. విఱిగిన కాలికి కట్టు కట్టుట, పుండునకు ఆకుపసరు పిండుట, కడుపుబ్బరము తీయుట, అడ్డము తిరిగిన దూడను సరిచేయుట అతడు తండ్రితాతల నాటినుండి నేర్చిన పనులు. పిలిచిన వెంటనే వచ్చువాడు. పొరపాటు చేసినచో మరునాడు అదే వీధిలో మన కెదురుపడవలసినవాడు. నమ్మకమునకు ఇది గొప్ప ఆధారము.

అయితే అతని విద్య కందని రోగమొకటి యుండెను. దానిని మనవారు ముసర యనియు, పెద్దరోగమనియు పిలిచిరి. తీవ్రమగు జ్వరము, కన్నుల ముక్కున కారుట, నోట పుండ్లు, ఆపై దుర్గంధముతో పారుడు. కొలదిదినములలోనే పశువు నేలగూలెడిది. ఒక కొట్టమున ప్రవేశించినచో వీధి యంతయు పాకెడిది. వాతలు పెట్టిరి, గొట్టముతో కషాయములు పోసిరి, పోలేరమ్మకు మ్రొక్కిరి. రోగము నిలువలేదు. ఏలయన అది మందునకు లొంగు జాతి కాదు. రోగపు పశువు మంచి పశువుతో కలిసి మేయుటయు, ఒకే తొట్టిలో నీరు త్రాగుటయు, చావునకు సిద్ధమైన దానిని సంతకు తోలి అమ్ముటయు దాని బలమునకు కారణములు.

ఇదే రోగము ఐరోపాఖండమును కూడ పీడించెను. 1761లో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున మొదటి పశువైద్య పాఠశాల నెలకొల్పబడుటకు దీని బాధయే ఒక ముఖ్యకారణము. 1865లో ఇంగ్లండున అది చెలరేగినప్పుడు అచ్చటి ప్రభుత్వము రోగపు పశువులను వధించి రోగమును తుదముట్టించినది. గోవును పూజించు మన దేశమున ఆ మార్గము సాగునది కాదు. 1866లో మద్రాసు రాజధానిలో పశురోగముల చట్టమొకటి పుట్టెను. హాలెన్ అను పశువైద్యుడు సభ్యుడుగా నున్న విచారణసంఘము దేశమందలి పశురోగములను పరిశీలించి 1871లో నివేదిక సమర్పించెను. కాగితముమీద చట్టము కలదు గాని, గ్రామమునకు పోయి దానిని నడపదగిన వైద్యులు చాలినంతమంది లేరు.

ఆ లోపము మెల్లమెల్లగా తీరసాగెను. 1889లో పూనాలో పరిశోధనశాల యొకటి స్థాపింపబడి, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు మార్చబడెను. అంటురోగములతో పనిచేయువారికి జనపదములకు దూరమగు చోటు కావలయును గదా! జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కాఖ్ 1897లో అచ్చటికి వచ్చి చూచెను. 1903లో మద్రాసు సైదాపేటలో పశువైద్య కళాశాల ప్రారంభమయ్యెను. 1936లో అది మద్రాసు విశ్వవిద్యాలయమున చేరి పట్టమునకు చదువు చెప్పసాగెను. పిమ్మట 1946లో హైదరాబాదునందును, 1955లో బాపట్లయందును కళాశాలలు వెలసెను. బాపట్ల కళాశాలను తరువాత తిరుపతికి మార్చిరి.

ఒక్క యూరి యజాగ్రత్త ఎంతదూరము పోగలదో చూపిన సంగతి యొకటి కలదు. మన దేశమునుండి బ్రెజిలు దేశమునకు ఓడలో పోవుచున్న మూపురపు పశువులు 1920లో బెల్జియములోని ఆంట్వెర్ప్ రేవున దిగగా, ముసర రోగము వానితో దిగి ఆ దేశమున వ్యాపించెను. ఆ భయముననే 28 రాజ్యములు కూడి 1924లో పారిస్ నగరమున పశురోగముల అంతర్జాతీయ కార్యాలయమును నెలకొల్పెను. సంతలో దాచిన రోగము సముద్రము దాటినను దాగదు!

పరిష్కారము ముక్తేశ్వరముననే కొంత దొరకెను. మొదట నున్న రసి మందు కొలదిదినములు మాత్రమే కాపాడెడిది. 1920 తరువాతి సంవత్సరములలో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు రోగవిషమును మేకలలో వరుసగా ఎక్కించి దాని తీక్ష్ణతను తగ్గించి, టీకాగా ఉపయోగపడునట్లు చేసెను. మన మైదానముల నాటుపశువులు దానిని తట్టుకొని దీర్ఘకాలము రక్షణ పొందినవి. విదేశీయ, సంకరజాతుల పశువుల కది తీక్ష్ణమే. ఆరోగ్యముగా నున్న ఎద్దునకు జ్వరము తెప్పించు సూదిమందును చూచి రైతు సందేహించుట వింతయా? అట్టి చోట వైద్యుని విద్య యెంత ముఖ్యమో, అతనియందలి నమ్మకమును అంతే ముఖ్యము. ఏ పశువునకు ఏది తగునో తెలిసి, రాబోవు జ్వరమును ముందే చెప్పి, మరల వచ్చి చూచిపోవు వైద్యుని మాటయే నిలుచును.

1954లో మన ప్రభుత్వము దేశమంతట టీకాలు వేయు ఉద్యమమును ప్రారంభించెను. 1960 ప్రాంతమున ఆఫ్రికాలోని కెన్యాలో ప్లోరైట్ అను శాస్త్రజ్ఞుడు అన్ని జాతులకును హాని చేయని టీకాను సిద్ధపరచెను. మన దేశమున చివరి రోగి పశువు 1995లో కానవచ్చెను. 2006లో భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనట్లు అంతర్జాతీయముగా గుర్తింపబడెను. 2011లో ప్రపంచమంతయు విముక్తమైనట్లు ప్రకటింపబడెను. మనుష్యుల మశూచి తరువాత భూమిమీదనుండి తుడిచిపెట్టబడిన రోగమిది యొక్కటే.

పెద్దలారా, ఇందు ఒక విచిత్రము గమనింపుడు. ముసర రోగము తగిలిన పశువును నిశ్చయముగా బ్రతికించు మందు చివరివరకును దొరకలేదు. రోగమును జయించినది మందు కాదు. రోగము రాకమున్నే కొట్టమునకు వచ్చిన మనిషి. కావున వైద్యుని ఎన్నవలసిన సమయము పశువు పడిపోయిన అర్ధరాత్రి కాదు. అది నిండు ఆరోగ్యముతో నెమరువేయుచున్న పగలే.

ఎన్నుటకు గుర్తులు నాలుగు చెప్పెదను. మొదటిది చదువు. 1984 నాటి భారత పశువైద్యమండలి చట్టము ప్రకారము రాష్ట్రపు పట్టికలో పేరు నమోదైనవాడే పశువైద్యుడు. ఆ సంఖ్యను అడుగుట అమర్యాద కాదు. గోపాలమిత్రులును, సహాయకులును ఉపకారులే గాని, పెద్ద జబ్బున వారు వైద్యుని ఆజ్ఞపై నడవవలసినవారు. రెండవది టీకా. గాలికుంటు టీకా ఆరు నెలల కొకసారి వేయవలెను. దానిని మంచుపెట్టెలో తెచ్చువాని చేతనే వేయింపుడు, వేడిమి తగిలినది నీటితో సమానము. మూడవది మాట. ఇచ్చిన మందును వ్రాసియిచ్చి, ఎన్నిదినములు పాలు వాడరాదో చెప్పి, రోగిని మందనుండి విడదీయుమని గట్టిగా పలుకువాడు మంచివాడు. తనకు తెలియనిది తెలియదని చెప్పి పెద్ద ఆసుపత్రికి పంపువాడు మరింత మంచివాడు. నాల్గవది దూరము. ఎంత గొప్పవాడైనను, ఆవు ఈనలేని వేళ అందుబాటులో లేనివాని పేరుతో పనిలేదు. 1962 సంఖ్యకు ఫోను చేసినచో వచ్చు సంచార పశువైద్య వాహనములను 2017లో తెలంగాణమునను, 2022లో ఆంధ్రప్రదేశమునను ప్రారంభించిరి. ఆ సంఖ్యను కొట్టపు తలుపుమీద సుద్దతో వ్రాసియుంచుడు.

పసరువైద్యునియందు మన తాతలు చూచినది దగ్గరితనమును, జవాబుదారితనమును. ముక్తేశ్వరము మనకిచ్చినది శాస్త్రము. ఈ రెండును ఒకే మనిషియం దున్నచోట మీ పశువును నిశ్చింతగా అప్పగింపుడు. నోరులేని జీవము తరపున మనమాడు ఆ ఒక్క మాట తప్పిపోకుండు గాక. సెలవు.