నెత్తుటి ద్వారం



మన ఇంటి తలుపుకు చిన్న కంత ఉంటే, లోపలున్న మనం బయట ఎవరొచ్చారో చూస్తాం. మరి బయటివారే తెరిచి లోపలికి తొంగిచూసే కంత ఉన్న తలుపుల గురించి విన్నారా? దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో, సముద్రానికి ఎదురుగా కొండమీద, గార్డియా పియెమొంతేసే అనే చిన్న ఊరుంది. అక్కడి పాత ఇళ్ళకు అలాంటి తలుపులు నేటికీ కొన్ని కనబడతాయి.

ఈ ఊరివారి పితరులు ఉత్తరాన ఆల్ప్స్ లోయలనుండి 13, 14 శతాబ్దాలలో పొలాలు సాగుచేసుకోవడానికి వచ్చిన వాల్డెన్సీయులు. 12వ శతాబ్దంలో లియోన్ పట్టణపు వర్తకుడు వాల్డో తన ఆస్తిని పేదలకు పంచి, లేఖనాలను జనుల భాషలోకి తర్జుమా చేయించాడు. ఆయన బాటలో నడిచినవారే వీరు. వీరి బోధకులు ఇద్దరిద్దరుగా ఊరూరా తిరిగేవారు. వారిని ‘బార్బా’ అని, అంటే మన ‘బాబాయి’ లాగా, పిలుచుకునేవారు. పైకి అందరిలాగే ఉంటూ, ఇంటిలో మాత్రం రహస్యంగా తమ విశ్వాసాన్ని కాపాడుకున్నారు.

1532లో ఆల్ప్స్‌లోని వాల్డెన్సీయులు సంస్కరణోద్యమంలో చేరారు. ఇక దాగి ఉండకూడదని కలాబ్రియావారూ బోధకుని పంపమని అడిగారు. పెళ్ళి నిశ్చయమైన యువకుడు జాన్ లూయిజీ పాస్కాలే 1559లో జెనీవానుండి బయలుదేరి వచ్చాడు. అదే ఏట పట్టుబడ్డాడు. 1560 సెప్టెంబరు 16న రోములో ఆయనను దహించారు.

మరుసటి సంవత్సరం జూన్‌లో సైనికులు గార్డియాను పట్టుకున్నారు. వీధులలో పారిన రక్తం ఊరి ద్వారం దాకా వచ్చిందని చెబుతారు. అందుకే అది నేటికీ ‘నెత్తుటి ద్వారం’. జూన్ 11న సమీపంలోని మొంతాల్తోలో ఒక్కరోజే 88 మందిని ఒకరి తరువాత ఒకరిగా గొంతుకోసి చంపారు.

బ్రతికినవారి మతం బలవంతంగా మార్చారు. తమ భాష మాట్లాడకూడదన్నారు, తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోకూడదన్నారు. ఇంటిలో ఏ ప్రార్థన జరుగుతోందో చూడడానికే తలుపులకు ఆ కంతలు!

ప్రియులారా, ఆ ఊరిలో వాల్డెన్సీయ సంఘం మిగలలేదు. ఆ మాట దాచడం సత్యం కాదు. కాని నిషేధించిన ఆ భాష, ఆక్సితాన్, అక్కడి వృద్ధుల నోట ఇంకా వినబడుతూనే ఉంది. 1999లో ఇటలీ చట్టమే దానికి రక్షణనిచ్చింది. 2015లో పోపు ఫ్రాన్సిస్ టురిన్‌లోని వాల్డెన్సీయ ఆలయానికి వెళ్ళి, తమ సంఘం చేసినవాటికి క్షమాపణ వేడుకున్నారు.

కంతలోనుండి మోకాళ్ళు కనబడతాయిగాని హృదయం కనబడదు. భయపెట్టి మోకాళ్ళు వంచవచ్చు, విశ్వాసం పుట్టించలేము. మనం ఈ రోజు ఎవరి తలుపు సందులోనుండి తొంగిచూస్తున్నామో ఆలోచించుకుందాం.