రామప్ప మదనికలు: అందం కన్నా కదలికే ముఖ్యం

రామప్ప గుడి మదనికలను, అంటే అక్కడి స్త్రీ శిల్పాలను, తలచుకోగానే సన్నని నడుము, నల్లరాతి నునుపు, నగల నగిషీ గుర్తొస్తాయి. ఆ మెప్పు న్యాయమైనదే. అయితే ఆ శిల్పులు ఎక్కువగా తలపట్టుకున్నది అందం గురించి కాదు, కదలిక గురించి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన ఈ గుడికి మూడు ద్వారాలున్నాయి. ఒక్కోదాని దగ్గర నాలుగేసి చొప్పున 12 మదనికలను స్తంభాల పైనుంచి చూరు దాకా ఏటవాలుగా నిలిపారు. చిక్కంతా ఆ వాలులోనే ఉంది. నిటారు మనిషిని అలా వంచి పెడితే పడిపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే శిల్పి కాళ్లను సాగదీసి, మోకాలి దగ్గర ఒక విరుపు, నడుము దగ్గర ఎదురు విరుపు ఇచ్చి, తలను మళ్లీ ఇటు తిప్పాడు. ఎత్తు మడమల పాదరక్షల మూర్తిని చూసి అందరూ ఆ చెప్పుల గురించే మాట్లాడుకుంటారు. ఒంటి బరువు ఎటు ఒరిగిందో చూస్తే శిల్పి పడ్డ శ్రమ తెలుస్తుంది.

ఈ భంగిమలు శాస్త్రం చెప్పిన త్రిభంగాలే (మూడు వంపుల నిలుపులే) కదా, 1117 నాటి బేలూరు గుడిలోనూ మదనికలున్నాయి కదా అనవచ్చు. నిజమే, పద్ధతి పాతదే. కానీ బేలూరు శిల్పికి దొరికింది మెత్తని రాయి. అతను ఆకుల పందిళ్లను, నగలను దట్టంగా చెక్కి, బొమ్మను వాటి మధ్య నిలిపాడు. రామప్పలో రాయి గట్టిది, అవయవాలు పొడుగు, చుట్టూ అంత అల్లిక లేదు. అందుకే కన్ను నేరుగా ఒంటి గీత మీదికే పోతుంది.

రామప్ప మదనికలు జాయపసేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళికి రాతిబొమ్మలనే మాట మరొకటి. కాలం దానికి ఒప్పుకోదు. ఆ గ్రంథం 1253-54 నాటిది, గుడి కట్టిన నాలుగు దశాబ్దాల తర్వాతది. పుస్తకం చూసి చెక్కే వీలు లేనప్పుడు, శిల్పి చూసింది ఆడుతున్న మనుషులనే అనుకోవడం సబబు. మంటపంలో మద్దెలగాళ్లతో కలిసి ఆడే బృందాలను చెక్కడమూ ఈ ఊహకే బలమిస్తుంది. గణపతిదేవుని గజసైన్యానికి అధిపతి అయిన జాయప, ఎనిమిది అధ్యాయాల్లో చివరి నాలుగింటిని దేశి (ప్రాంతీయ) నృత్యానికి కేటాయించాడు. శిల్పీ శాస్త్రకారుడూ ఒకే కాకతీయ సీమ ఆటను చెరో దారిలో నమోదు చేశారన్నమాట. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోసినప్పుడు ఈ రెంటినీ ఆధారం చేసుకున్నారు. అయితే రాయి భంగిమను చూపుతుంది గానీ, ఒక భంగిమ నుంచి మరోదానికి సాగే నడకను చూపలేదు. కాబట్టి నేటి పేరిణిని 13వ శతాబ్దపు ఆటకు సాక్ష్యంగా తీసుకోలేం.

2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక పాలంపేట పేరు ప్రపంచానికి తెలిసింది. వెళ్లినవాళ్లు మదనికను ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకండి. పక్కకు జరిగి ఆ వాలును కూడా చూడండి. ఆ శిల్పి ప్రతిభను అక్కడి నుంచే సరిగ్గా అంచనా వేయగలం.