ఇంటిలో తిరుగాడే ప్రాణి
ఇస్లామీయ చరిత్రలో పిల్లి - రామగిరి ప్రాంతపు ముస్లిం కుటుంబాల బాధ్యత

ముస్లింల ఇండ్లలో పిల్లికి ఉన్న చనువు ఎవరికీ తెలియనిది కాదు. నమాజు చాప మీద పడుకున్నా, దస్తర్‌ఖాన్ చుట్టూ తిరిగినా దానిని కసిరి కొట్టేవారు తక్కువ. అయితే ఈ చనువుకు మూలమేమిటి, దాని వెంట వచ్చే బాధ్యత ఎంత అనేది చాలామంది ఆలోచించరు. పిల్లిని ముద్దుచేయడమే సున్నత్ అనుకొని తృప్తిపడేవారూ మనలో ఉన్నారు. హదీసు, ఫిఖహ్, చరిత్ర గ్రంథాలు చెప్పేది అంతకంటే ఎక్కువ. ముందు ఆ చరిత్రను పరిశీలించి, తర్వాత రామగిరి, గోదావరిఖని, రామగుండం ప్రాంతపు బొగ్గుబాయి క్వార్టర్లలో అది మననుండి ఏమి కోరుతుందో చూద్దాం.

మదీనా ఇండ్లలో

ఈ విషయంలో మొదట చెప్పుకోవలసినది హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉల్లేఖనం. ఇమాం మాలిక్ తన ‘మువత్తా’లోను, అబూ దావూద్, తిర్మిజీ తమ సంకలనాలలోను దీనిని నమోదు చేశారు. అబూ ఖతాదా (రజి) కోడలు కబ్షా ఆయన వుజూకై నీరు పోసింది. అంతలో ఒక పిల్లి తాగడానికి వచ్చింది. ఆయన పాత్రను దానికి అందేలా వంచి తాగనిచ్చారు. కోడలు ఆశ్చర్యంగా చూడడం గమనించి, పిల్లి అపవిత్రమైనది కాదని, అది మన చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పినట్లు ఆమెకు తెలిపారు.

ఇక్కడ ‘తిరుగాడేవి’ అన్న మాటను పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయతులో, ఏకాంతపు మూడు వేళలు తప్ప మిగతా సమయాల్లో అనుమతి అడగకుండా ఇంట్లో వచ్చిపోయే సేవకులను, పిల్లలను గురించి చెప్పినప్పుడు ఇదే ధాతువునుండి పుట్టిన పదం వాడబడింది. అంటే పిల్లి ఇంటి బయటి జంతువుల లెక్కలోకి రాలేదు. ఇంటిలోని చిన్నవారి, సేవకుల లెక్కలోకి వచ్చింది. వారికి ఇంట్లో చనువు ఉన్నట్లే ఇంటి యజమానిపై హక్కు కూడా ఉంటుంది.

అబూ దావూద్ నమోదు చేసిన మరో సంఘటన కూడా ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) నమాజులో ఉండగా ఒక స్త్రీ హరీసా తెచ్చింది. కింద పెట్టమని ఆమె సైగ చేశారు. పిల్లి వచ్చి కొంత తిన్నది. నమాజు ముగించాక ఆయిషా (రజి) పిల్లి తిన్న చోటునుండే తిని, పిల్లి అపవిత్రమైనది కాదన్న ప్రవక్త (స) మాటను వినిపించారు. ఈ హరీసాయే మన హైదరాబాద్ హలీంకు పూర్వరూపం.

ఆ కాలపు ఇంటికి పిల్లి అవసరం కూడా ఉండేది. రాత్రివేళ పాత్రలు కప్పమని, దీపాలు ఆర్పమని, లేకపోతే ఎలుక వత్తిని లాక్కుపోయి ఇల్లు తగలబెట్టవచ్చని హెచ్చరించే హదీసు బుఖారీలో ఉంది.

బంధించిన స్త్రీ వృత్తాంతం

రెండవ హదీసు మరింత ప్రసిద్ధమైనది. దానిని బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేశారు. ఒక స్త్రీ పిల్లిని బంధించింది, తిండి పెట్టలేదు, నేలపై తిరిగే పురుగునో ఎలుకనో పట్టుకొని తినేందుకు వదలనూ లేదు. అది చచ్చిపోయింది. ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురయిందని ప్రవక్త (స) తెలిపారు.

ఆమె పిల్లిని కొట్టలేదు, విషం పెట్టలేదు. రెండు దారులూ మూసివేయడమే ఆమె నేరం. పెంచదలిస్తే పోషించాలి, పోషించలేకపోతే స్వేచ్ఛగా బతికే వీలు కల్పించాలి. ఈ రెంటికీ మధ్య మూడో స్థితి లేదు.

ఫుఖహాల నిర్ణయాలు

మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో, పిల్లి తాగి మిగిల్చిన నీరు శుద్ధమైనదే అయినా వేరే నీరుండగా దానిని వాడడం మక్రూహ్. ఇమాం అబూ యూసుఫ్ నుండి వచ్చిన ఉల్లేఖనం ప్రకారం మక్రూహ్ కూడా కాదు. ఎలుకను తిన్న వెంటనే తాగితే ఆ నీరు అశుద్ధం. కొంతసేపు ఆగి, నోరు నాకి శుభ్రపరచుకున్నాక తాగితే కాదు. హి.శ. 593 (క్రీ.శ. 1197)లో మరణించిన మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ వివరాలన్నీ చర్చించారు. పిల్లి నడవడిని ఎంత దగ్గరగా పరిశీలించి ఈ నిర్ణయాలు చేశారో దీనివల్ల తెలుస్తుంది.

పోషణ విషయంలోనూ ‘హిదాయా’ స్పష్టంగానే ఉంది. జంతువును పోషించడం యజమానిపై అల్లాహ్ ఎదుట బాధ్యత. అబూ యూసుఫ్ మరో అడుగు ముందుకు వేసి, ఖాజీ అతణ్ణి నిర్బంధించవచ్చునన్నారు. షాఫయీ పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం మనుషులపై జంతువులకున్న హక్కులను వరుసగా పేర్కొన్నారు. ముసలిదై, రోగిష్టిదై ఇక ఉపయోగపడకపోయినా దానికి తిండి పెట్టాలన్నది వాటిలో ఒకటి. ఆయన హి.శ. 660 (క్రీ.శ. 1262)లో కైరోలో మరణించారు.

కైరో తోట

అప్పటికి ఈజిప్టును ఏలుతున్నవాడు మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ (పాలన 1260-1277). ఆయన కైరోకు ఉత్తరాన తన మస్జిదు సమీపంలో ఒక తోటను దిక్కులేని పిల్లుల పోషణకై ఇచ్చాడని ప్రతీతి. ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ 1836లో ప్రచురించిన తన ఈజిప్టు గ్రంథంలో దీని తర్వాతి కథ రాశాడు. తోట చేతులు మారి పాడైపోయింది; నామమాత్రపు కౌలు మాత్రమే మిగిలింది. అయినా ధర్మాస్తుల సంరక్షకుడైన ఖాజీ ఖర్చుతో, న్యాయస్థానపు ప్రాంగణంలో అస్ర్ వేళ పిల్లులకు తిండి వేస్తూనే ఉన్నారు. సుల్తాను పోయాడు, తోట పోయింది, కాని అయిదున్నర శతాబ్దాల తర్వాత కూడా బాధ్యత నిలిచింది.

ఇబ్ను ఖల్లికాన్, దమీరీ చెప్పిన మరో కథ అదే నగరానిది. హి.శ. 469 (క్రీ.శ. 1077)లో మరణించిన వ్యాకరణ పండితుడు ఇబ్ను బాబ్‌షాజ్ ఒకనాడు మస్జిదు కప్పుపై మిత్రులతో భోజనం చేస్తున్నాడు. ఒక పిల్లి ముద్ద అందుకొని వెళ్లి మళ్లీ మళ్లీ వచ్చింది. వెంట వెళ్లి చూస్తే అది ఒక గుడ్డిపిల్లికి తినిపిస్తోంది. మూగజీవికే ఇలా ఉపాధి చేరవేసే ప్రభువు తనను మరచిపోతాడా అని తలచి ఆయన ప్రభుత్వ కొలువు వదులుకున్నాడట.

కల్పితమూ వాస్తవమూ

ప్రవక్త (స)కు ‘ముఇజ్జా’ అనే పిల్లి ఉండేదని, అది నిద్రించిన చొక్కా చేతిని ఆయన కత్తిరించారని ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రామాణిక హదీసు సంకలనాలలో ఇది లేదు. ఇటువంటి సంఘటనను జహబీ, సుబ్కీ వంటి చరిత్రకారులు హి.శ. 578 (క్రీ.శ. 1182)లో ఇరాక్‌లో మరణించిన షేఖ్ అహ్మద్ రిఫాయీ జీవితంలో పేర్కొన్నారు. నమాజు వేళయితే, నిద్రపోతున్న పిల్లిని లేపక ఆయన చేతిగుడ్డను కత్తిరించి వెళ్లి, తిరిగి వచ్చి కుట్టుకున్నారు. ఆ రిఫాయీ పరంపరకు చెందిన హజ్రత్ అఫ్జల్ బియాబానీ (1795-1856) దర్గా, రామగుండం రైలు మార్గం మొదలయ్యే కాజీపేటలోనే ఉంది. ప్రవక్త (స) పేర నిరాధారమైన కథ చెప్పడం దోషం. మనకు ఇంత దగ్గరి పరంపరలో ఉన్న ఉదాహరణను మరవడం అజ్ఞానం.

రామగిరి ప్రాంతంలో

ఇక మన ఇండ్లకు వద్దాం. రామగిరి కోట నీడన ఉన్న పల్లెలనుండి సెంటినరీ కాలనీ, గోదావరిఖని క్వార్టర్ల దాకా పిల్లి కనిపించని వాడ లేదు. రంజానుకో, ఉర్సుకో, వేసవి సెలవులకో కుటుంబమంతా తాళం వేసి ఊరికి పోవడం ఇక్కడ మామూలే. లోపల పిల్లి చిక్కుకుంటే ఏమవుతుంది? రామగుండంలో ఎండాకాలపు వేడి 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన రెండు గదుల్లో నీరు లేని పిల్లి ఎంతో కాలం బతకదు. హదీసులోని స్త్రీకి, మనకు అప్పుడు తేడా ఏముంది? తాళం వేసేముందు మంచం కింద, అటక మీద చూడాలి. పొరుగువారికి గిన్నె, తిండి అప్పగించి పోవాలి.

రెండవది విషాలు. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకుంటుంది. నేల మీద చల్లిన ఫినాయిలు దాని పాదాలనుండి కడుపులోకి పోతుంది. ఇటువంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా దానిని చంపగలిగేది ఇందువల్లనే. నేల సబ్బునీటితో కడిగి ఆరనివ్వడం మేలు. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో, ఆ మందు తిన్న ఎలుకను తిని పిల్లీ చావవచ్చు.

మూడవది తిండి. పిల్లి మాంసాహార జీవి. ఉత్త పాలన్నంతో పెంచితే కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. మిగిలిన సాలన్ పెట్టడం మన అలవాటు. కాని అందులోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను నాశనం చేస్తాయి. మసాలా వేయకముందే ఉడికిన మాంసం ముక్కలు కొన్ని ఎముక లేకుండా తీసి పక్కన పెడితే చాలు.

నాల్గవది రోగాలు. రెండు నెలల వయసులో వాంతులు, విరేచనాల వైరసు వ్యాధికి, మూడు నెలలు నిండాక రేబీస్‌కు టీకాలు మొదలుపెట్టించాలి. పిల్లి కరిచినా రక్తం వచ్చేలా గీరినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి ఆస్పత్రికి పోవాలి. రేబీస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. పిల్లి మలంలోని ఒక సూక్ష్మజీవి గర్భిణి కడుపులోని శిశువుకు హాని చేయవచ్చు. అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక, మలాన్ని ఏరోజుకారోజు ఎత్తివేయాలి; ఆ పని గర్భిణికి అప్పగించరాదు.

చివరిది సంతానం. ఆడపిల్లి ఏటా రెండు మూడు ఈతలు ఈనగలదు. పిల్లలను గోనెసంచిలో కట్టి మార్కెట్ దగ్గర వదిలే దురలవాటు ఉంది. కళ్లు తెరవని పిల్లకు అది విడుదల కాదు, మరణమే. పశువైద్యునిచేత ఆపరేషన్ చేయించవచ్చా అని కొందరు సందేహిస్తారు. ఔరంగజేబు కాలంలో సంకలితమైన ‘ఫతావా ఆలంగీరీ’ ప్రయోజనం కోసం గాని, హాని నివారణకు గాని మగపిల్లికి వృషణాలు తీయించడంలో దోషం లేదంది. ఆడపిల్లి విషయంలో సందేహముంటే నమ్మకమైన ఆలింను అడిగి నిర్ణయించుకోవచ్చు. పిల్లలను పారవేయడం గురించి మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు.

అబూ ఖతాదా (రజి) వంచిన పాత్ర మనకు ఒక హద్దు చూపింది, ఆ స్త్రీ వృత్తాంతం రెండో హద్దు చూపింది. పిల్లిని లోపలికి రానిచ్చిన ఇల్లు దాని ఆకలికి, దాహానికి, రోగానికి కూడా జవాబుదారీ అవుతుంది. ఈ లెక్క అడిగేవాడు అల్లాహ్.