బావ కాగితాలు, బావమరిది కాగితాలు

మా అనంతపురం జిల్లాలో శనక్కాయలు తిన్నాక పొట్లం కాగితాన్ని చదవకుండా పారెయ్యకూడదు. ఈ సంగతి నాకు పన్నెండో ఏటనే తెలిసింది. బస్టాండు దగ్గర కొనుక్కున్న పొట్లం ఖాళీ చేసి, కాగితం ఉండచుట్టబోతూ చూద్దును కదా, అది మా జేజినాయన చేతిరాత! పైభాగం చిరిగిపోయింది. "...గండి పూడ్పించకపోతే ఈ యేడు కూడా..." అన్నంత వరకూ కనబడుతోంది. మిగతాది ఎవరి పొట్లంగా ఎవరి చేతికి పోయిందో!

పరుగున ఇంటికి పోయి అడిగితే మా పెద్దమ్మ తాపీగా చెప్పింది. "యాడ పెట్టేది పాపా అవన్నీ? ట్రంకుపెట్టె అడుగంతా చెదలు పట్టి బియ్యం మూటల దాకా వస్తాండాయి. పాతకాగితాలోడు వస్తే తూకానికి ఏసేసినా."

తప్పు ఆమెది కాదు లెండి. చెదలకు చరిత్రా బియ్యమూ ఒకటే. బియ్యం కాపాడుకోవాలని చూసే ఇల్లాలిని ఏమనగలం? మా జేజినాయన ఏమంత పెద్ద నాయకుడూ కాదు. పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు సమితి అధ్యక్షుడుగా ఉన్నాడు. కనపడిన ప్రతి అధికారికీ ఉత్తరం రాసేవాడట. రాసిన ప్రతిదానికీ నకలు దాచేవాడట. నాకు దక్కింది మాత్రం నూనె మరకలున్న ఆ ఒక్క కాగితమే.

అప్పటినుంచీ, రాజకీయాల్లో ఉన్నవారి సొంత కాగితాలు ఏమవుతాయా అన్న పిచ్చి ఒకటి పట్టుకుంది నాకు. పెద్దవాళ్ళ సంగతి చూద్దామని మొదలుపెడితే మొట్టమొదట తగిలినవాడు మన్రో. 1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీవారికి ధారపోశాక, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. దిగిపోయే ముందు పాత జిల్లాలు మళ్ళీ ఒకసారి చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. 1831లో అక్కడినుంచి తవ్వి తీసి మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మనవాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత దగ్గరివాడయ్యాడు కానీ, ఆయన కాగితాలు మాత్రం సముద్రం దాటిపోయాయి. తండ్రికీ, అక్కచెల్లెళ్ళకూ, భార్యకూ రాసిన ఉత్తరాలు కలిపి గ్లైగ్ అనే ఆయన 1830లోనే జీవితచరిత్ర వేశాడు. అసలు కాగితాలు ఇవాళ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బర్టన్ స్టెయిన్ అనే చరిత్రకారుడు వాటి ఆధారంతోనే 1989లో మన్రో మీద పెద్ద పుస్తకం రాశాడు. రైత్వారీ పద్ధతి పెట్టిన మనిషి మనసులో ఏముందో తెలియాలంటే, ఆ శిస్తు కట్టినవాళ్ళ మునిమనవలు విమానం టిక్కెట్టు కొనుక్కోవాలన్నమాట! అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అక్కడికి పోయాయి కనకనే మిగిలాయేమో. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

సరే, మనవాళ్ళ సంగతికి వద్దాం. ఈ జిల్లాలోనే ఒక బావా ఒక బావమరిదీ ఉండేవారు. బావ ఇల్లూరులో 1913లో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. బావమరిది 1917లో పుట్టిన తరిమెల నాగిరెడ్డి గారు. నాగిరెడ్డి గారి సోదరి నాగరత్నమ్మ గారిని సంజీవరెడ్డి గారు చేసుకున్నారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కాంగ్రెసు బావ ఓడిపోయి కమ్యూనిస్టు బావమరిది గెలిచాడు. ఆ పండక్కి ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఎవరి పక్కన కూర్చున్నారో, ఏం మాట్లాడుకున్నారో! నవలలు రాసేదాన్ని కనక నా ధ్యాస అటే పోతుంది. ఏ గెజిటులోనూ ఆ సంగతి ఉండదు. ఉంటే గింటే ఒక ఇన్లాండు కవరులో ఉంటుంది.

తర్వాత వాళ్ళ దారులు చూడండి. బావ 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా, కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకు 1964లో రాజీనామా ఇచ్చారు. 1969లో రాష్ట్రపతి పదవికి నిలబడి గిరిగారి చేతిలో ఓడిపోయారు. 1977లో పోటీ లేకుండా అదే పదవికి ఎన్నికయ్యారు. బావమరిది 1969లో అసెంబ్లీ సభ్యత్వం వదిలేశారు. ఆ యేడాది చివర్లోనే అరెస్టయి హైదరాబాదు కుట్రకేసులో ముద్దాయి అయ్యారు. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో అజ్ఞాతంలోనే కన్నుమూశారు. మరుసటి యేడే బావ రాష్ట్రపతి భవన్లో అడుగుపెట్టారు.

ఇక కాగితాల సంగతి. అజ్ఞాతంలో ఉన్న మనిషి ఉత్తరాలు దాచుకుంటాడా? చదివి చింపెయ్యడమో, కాల్చెయ్యడమో తప్ప. దాచుకుంటే పట్టుబడేది తానొక్కడే కాదు. అందుకని అలాంటివాళ్ళ కాగితాలు వాళ్ళను పట్టుకున్నవాళ్ళ దగ్గరే మిగులుతాయి, పోలీసు ఫైళ్ళలోనూ, కోర్టు రికార్డుల్లోనూ. నాగిరెడ్డి గారు జైల్లో కూర్చుని, కోర్టుకు ఇచ్చే వాంగ్మూలంగా దేశ ఆర్థిక పరిస్థితి మీద వందల పేజీలు రాశారు. ఆయన పోయాక అది 1978లో పుస్తకంగా వచ్చింది. తెలుగులో పేరు 'తాకట్టులో భారతదేశం'. ముద్దాయి వాంగ్మూలం గ్రంథం కావడం విడ్డూరమే. కానీ అది లోకానికి చెప్పదలచుకున్న మాట. ఇంటికి చెప్పుకున్న మాట వేరే ఉంటుంది.

సంజీవరెడ్డి గారూ 1989లో ఇంగ్లీషులో జ్ఞాపకాలు అచ్చు వేయించారు. 1979 జూలైలో మొరార్జీ గారు దిగిపోయాక చరణ్ సింగు గారిని పిలవడం, ఆయన లోక్‌సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చెయ్యడం, జగ్జీవన్ రామ్ గారికి అవకాశం ఇవ్వకుండా 22న సభను రద్దు చెయ్యడం, వీటిమీద అప్పుడు జరిగిన రగడ అంతా ఇంతా కాదు. జ్ఞాపకాల్లో మనకు దొరికేది తేల్చుకున్న మనిషి. ఉత్తరాల్లో, చిత్తుప్రతుల్లో, మార్జిన్లో గీసి కొట్టేసిన వాక్యాల్లో దొరికేది తేల్చుకోలేక అవస్థపడ్డ మనిషి. నాకైతే రెండోవాడే కావాలి.

ఇదంతా ఎవరు దాచాలి? ప్రభుత్వ రికార్డులకు 1993లో చట్టం వచ్చింది. సొంత కాగితాలు దాని కిందికి రావు, కుటుంబం దయ. ఢిల్లీ తీన్‌మూర్తి భవన్లోని గ్రంథాలయం ఎందరో నాయకుల కాగితాలు చేరదీసింది. అక్కడి నెహ్రూ గారి కాగితాలు 51 పెట్టెలు 2008లో సోనియాగాంధీ గారి దగ్గరికి తిరిగి వెళ్ళాయనీ, వెనక్కి ఇవ్వమని ఆ సంస్థ సభ్యులొకరు 2024లో ఉత్తరం రాశారనీ పేపర్లలో చూశాం. ఇంగ్లండులో చర్చిల్ కాగితాలను 1995లో కోటీ పాతిక లక్షల పౌన్లు పోసి కుటుంబం దగ్గర కొన్నారు, అదీ లాటరీ డబ్బుతో! ఇప్పటికే దేశానివైన కాగితాలను మళ్ళీ కొనడమేమిటని అక్కడా తిట్టుకున్నారు. కానీ అవి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆయన పేరున్న కాలేజీలో భద్రంగా ఉన్నాయి, ఎవరైనా పోయి చూడవచ్చు.

మనకూ ఊరి పొలిమేరలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతి విశ్వవిద్యాలయం వారి పి.జి. కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైంది. అప్పుడు రాష్ట్రపతి మన జిల్లా మనిషే. మన గాలి కూడా కాగితాలకు మంచిదే. యేడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. హైదరాబాదులో 2000 ఆగస్టు వరదకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అపురూపమైన ఉర్దూ పుస్తకాలు నీళ్ళలో నానిపోయాయి. ఇక్కడ ఆ భయం లేదు. కరువు చేసే మేలు ఈ ఒక్కటే కాబోలు! చెదల సంగతి చూసుకుంటే చాలు.

దాచడం ఒక ఎత్తు, చూపించడం ఇంకో ఎత్తు. నాయకుడి పెట్టెలో అతని ఉత్తరాలకన్నా అతనికి వచ్చినవే ఎక్కువ ఉంటాయి. కొడుక్కి ఉద్యోగం అడిగినవాళ్ళు, మొగుడు వదిలేశాడని మొరపెట్టుకున్నవాళ్ళు. కాగితం అందుకున్నవాడిదే అయినా, రాసిన మాటమీద హక్కు రాసినవాళ్ళది. అందుకే ఆర్కైవుల్లో కొన్ని కట్టలకు ముప్ఫై యేళ్ళో అంతకు మించో గడువు పెట్టి తాళం వేస్తారు. కుటుంబాలకు ఈ సంగతి తెలిస్తే ఇవ్వడానికి అంత జంకరని నా ఉద్దేశం. పరువు పోతుందనే గదా తగలబెట్టేది! ఇంకొకటి, వచ్చిన పెట్టెను వచ్చిన వరసలోనే ఉంచుతారట. పెళ్ళిపత్రిక పక్కన కరువు పనుల లెక్కలుంటే, అవి అలా పక్కపక్కనే ఉండాల్సిందే. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. కాపురాలన్నీ అలాగే గదా ఉంటాయి.

ఈమధ్య కాగితాల భద్రత తెలిసిన ఒకాయనకు నా పొట్లం కాగితం చూపించాను. నూనె మరక పోదన్నాడు, పోగొట్టబోతే సిరా కూడా పోతుందన్నాడు. కళ్ళజోడు సర్దుకుని తిప్పి తిప్పి చూసి అడిగాడు.

"తేదీ ఏదమ్మా? ఎవరికి రాశారు? ఏ చెరువు?"

అవన్నీ చిరిగిపోయిన పైభాగంలో ఉన్నాయి. మా పెద్దమ్మకు ఇప్పుడు తొంభై దాటాయి. పోయిన వారం ఫోను చేసి అడిగాను. చాలాసేపు ఆలోచించి, "గండి పడని చెరువు యాడుంది పాపా ఆ కాలంలో?" అంది.