మరలుదారి ఆనవాలు: డిబగ్గరు చరిత్రలో ఒక ఘట్టము

1977లో ఇనుపగని పని ఆరంభమైన దోణిమలై గల బళ్లారి మండలమున శిలాశాసనములు విస్తారముగా గలవు. దానశాసనము శిథిలమై రాజు పేరు, సంవత్సరము చెరిగిపోయినను, తుదినుండు శాపవాక్యములలో నాలుగక్షరములు మిగిలిన చాలును. పరిశోధకుడు దానిని దానశాసనముగా గుర్తింపగలడు. కంప్యూటరు విద్యయందును ఇట్టి ఆనవాలొకటి కలదు. అచట అక్షరములకు బదులు అంకెలుండును.

నడుచుచున్న ప్రోగ్రామునకు ఏదేని ఆకస్మిక వార్త నందింపవలసినపుడు కెర్నెలు సిగ్నలును పంపును. ప్రోగ్రాము పని నడుమనే నిలిచిపోవును. రిజిస్టర్లలోని విలువలు స్టాకుపై భద్రపరుపబడును. పిదప సిగ్నలు హ్యాండ్లరను చిన్న భాగము నడచును. సాధారణముగా ఒక ఫంక్షను మరియొక దానిని పిలిచినపుడు, అది ముగియగానే పిలిచినచోటికే మరలును. హ్యాండ్లరునైతే ప్రోగ్రాములోని ఏ ఫంక్షనును పిలువలేదు. అందుచే దానికై కృత్రిమముగా ఒక మరలుదారి నేర్పరుపవలసివచ్చినది. ఆ దారిలోని రెండు మూడు ఆదేశములు సిగ్‌రిటర్న్ అను కెర్నెలు సేవను కోరును. అంతట భద్రపరచిన విలువలు మరల రిజిస్టర్లకు చేరును. ఈ సేవ 1986 నాటి 4.3 బీఎస్‌డీ యూనిక్సునందు కానవచ్చినది.

రిచర్డ్ స్టాల్మన్ జీడీబీ అను డిబగ్గరును వెలువరించినదియు ఆ 1986లోనే. ప్రోగ్రాము కూలినపుడు ఏ ఫంక్షను దేనిని పిలిచినదో వెనుకకు నడచి చెప్పుట దాని ముఖ్యకార్యములలో నొకటి. మరలుదారి కడ ఈ నడక తడబడినచో, నిర్దోషియైన ఫంక్షను దోషిగా నిలుచును. దానిని దిద్దబూనినవాడు దినముల తరబడి లేని తప్పును వెదకుచుండును.

తొలినాళ్ల జీడీబీ పేరును నమ్మెను. ‘సిగ్‌ట్రాంప్’ అను పేరుగల చోట నిలిచినచో అది మరలుదారియే. కొన్ని యూనిక్సులలో ఆ దారి సదా ఒకే చిరునామాలో నుండుటచే చిరునామాయే సాక్ష్యమయ్యెను. 1991లో పుట్టిన లినక్సు కడ ఈ రెండును చాలలేదు. ఇంటెల్ 32 బిట్ల యంత్రములపై కెర్నెలు మరలుదారిని అప్పటికప్పుడు స్టాకుపైననే వ్రాసెడిది. దానికి పేరు లేదు, స్థిరనివాసమును లేదు. మిగిలినది దాని రూపమే. దశాంశములలో వ్రాసిన ఆ రూపమిది: 88, 184, 119, 0, 0, 0, 205, 128. ఇందు మొదటి అంకె ఒక ఆదేశము, తరువాతి అయిదును రెండవది, తుది రెండును మూడవది. నడుమనున్న 119 సిగ్‌రిటర్న్ యొక్క సంఖ్య.

ప్రోగ్రాము ఈ మూడింటిలో దేనికడనైనను నిలిచియుండవచ్చును. కావున జీడీబీ తొలుత నిలిచినచోటి బైటును చూచును. అది 88 కానిచో 184 యేమోయని, 205 యేమోయని పరీక్షించి, దానికి తగినట్లు వెనుకకు జరిగి, ఎనిమిదింటిని వరుసగా పోల్చును. ఒక్కటి భేదించినను అంగీకరింపదు. అన్నియు కుదిరిన పిమ్మటనే సిగ్నలు హ్యాండ్లరు పిలువబడినదను అర్థముగల పంక్తిని చూపి, భద్రపరచిన విలువలను చదువుకొని ముందుకు సాగును. 64 బిట్ల యంత్రములపై ఆనవాలు తొమ్మిది బైట్లు. అచటి సేవాసంఖ్య 15.

తరువాత సీ గ్రంథాలయము తానే మరలుదారిని సమకూర్పసాగెను. అందు దానికి పేరున్నను బయటకు తెలియదు. అందుచే అది తనకు ముందున్న సిగ్‌యాక్షన్ అను ఫంక్షనులో భాగమువలె భ్రమ గొల్పును. పేరు తప్పుదారి పట్టించినచోట బైట్లే నిజము పలికినవి. ఆ గ్రంథాలయ రచయితలు తమ ప్రోగ్రాములోనే హెచ్చరిక వ్రాసి యుంచిరి: ఈ ఆదేశముల క్రమమును మార్చదలచినవారు ముందుగా జీడీబీ వారికి తెలుపవలెను. ఒకరి ఇంటి గోడ మరియొకరి పొలమునకు హద్దురాయి యైనట్లున్నది!

స్టాకుపైనున్న అంకెలను ఆదేశములుగా నడువనిచ్చుట ప్రమాదకరమని గ్రహించి ఆ పద్ధతిని మానిరి. మరలుదారి కెర్నెలు చూపు వేరొక పుటకు మారినది. అయినను 32 బిట్ల చట్రములో పాత ఎనిమిది బైట్లను కెర్నెలు నేటికిని స్టాకుపై వ్రాయుచునే యున్నది. వాటిని ఇప్పుడు వాడుట లేదనియు, చారిత్రక కారణములచేతను, జీడీబీ ఆనవాలుగా గైకొనుటచేతను మాత్రమే ఉంచితిమనియు కెర్నెలు రచయితలు అచటనే వ్యాఖ్య వ్రాసిరి.